ఖర్జూరాల గదిలో తెగిన అంచు

పాముల కేంద్రంలో కొత్తగా చేరిన ఒక అమ్మాయి ఆ మధ్య మా ఇంటికొచ్చింది. కాఫీ చల్లారిపోయేదాకా నా ముఖం చూస్తూ కూర్చుని, చివరికి అడిగింది: "మేడం, ఆ తెగిన అంచు రకాన్ని తయారుచేయడానికి మీకు ఎన్నేళ్ళు పట్టింది?"

తయారుచేయడం అన్న మాట దగ్గరే మా ఇద్దరికీ పేచీ వచ్చింది. "పచ్చడి తయారుచేస్తారమ్మా, పామును తయారుచేయరు" అన్నాను. ఆ పిల్ల చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయింది. అడిగినదానికి మాత్రం నేను జవాబు చెప్పనే లేదు. ఇప్పుడు చెబుతున్నాను. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టాలి. ఈ వృత్తిలో ఓపిక పట్టలేనివాళ్ళు ఇక్కడే చదవడం మానేసి వేరే ఉద్యోగం చూసుకోవచ్చు.

రాచనాగు కాదు, కట్లపామూ కాదు

కింగ్ స్నేక్ అనగానే మనవాళ్ళు రాచనాగు అనుకుని చేతులు జోడిస్తారు. దానికీ దీనికీ చుట్టరికం లేదు. ఇది అమెరికా ఎడారుల పాము. విషం లేదు. మహా అయితే మనిషి నడుము ఎత్తు పొడవు పెరుగుతుంది. పేరులో ఆ రాజరికం ఎందుకంటే ఇది మిగతా పాముల్ని తింటుంది, విషప్పాముల్ని కూడా వదలదు. ఆకలేస్తే తోబుట్టువునైనా మింగేస్తుంది. అందుకే ఒక పెట్టెలో ఒక్కటే ఉండాలి, మూతకు క్లిప్పు పడి ఉండాలి. ఈ రెండు మాటలూ ఎవరు వచ్చినా చెప్పాను. విన్నవాళ్ళు తక్కువ.

వీటిలో ఎక్కువ భాగం నల్లటి ఒంటి మీద అడ్డంగా తెల్లటి కట్లతో ఉంటాయి. చూడగానే తెలుగువాడికి గుండె ఆగుతుంది, ఎందుకంటే అచ్చం కట్లపాములాగే ఉంటాయి. కొన్నిటికి మాత్రం అడ్డంగా కాకుండా వీపు మీద మెడ నుంచి తోకదాకా నిలువుగా ఒకే తెల్లటి గీత ఉంటుంది. మా నాన్న మంగళగిరిలో మగ్గం నేసేవాడు. నాకు ప్రపంచంలో ఏ గీత చూసినా చీరే గుర్తొస్తుంది. అడ్డం కట్లు నాకు పట్టీల చీర, నిలువు గీత జరీ అంచు. నేను చెప్పబోయే రకంలో ఆ అంచు మెడ దగ్గర మొదలై, కాస్త దూరం పోయి తెగి, రుద్రాక్షల్లా చుక్కలు చుక్కలుగా మారి, మళ్ళీ కలిసి తోకదాకా పోతుంది. తెగిన అంచు అని పేరు పెట్టింది నేనే.

యుద్ధం వచ్చిన చలికాలం

గుంటూరులో జువాలజీ చదివి, ఒక ప్రైవేటు కాలేజీలో పిల్లల చేత కప్పల్ని కోయించి విసుగెత్తి, సౌదీలో ఒక ఇంట్లో పిల్లలకు చదువు చెప్పాలంటే ఉనైజా వెళ్ళాను. వెళ్ళాక చూసుకుంటే నా ఇకామా, అంటే అక్కడి నివాస కార్డు, మీద పనిమనిషి అని రాసి ఉంది. చివరి రోజుదాకా అదే ఉంది. దాని మీద నాకున్న కోపం ఇందులో పట్టదు, వదిలేస్తున్నాను.

నా కఫీల్, అంటే నన్ను పనికి రప్పించుకున్న యజమాని, అబూ ఫైసల్. ఖర్జూరపు తోటల ఆసామి. పక్షులు, జింకలు, ఏది దొరికినా తెచ్చి తోటలో పెట్టేవాడు. పిల్లలకు పాఠాలు చెప్పడం కంటే జబ్బు చేసిన చిలకకు మందు వేయడం నాకు బాగా వచ్చని ఆయన కనిపెట్టాక, నా ఉద్యోగం దానంతట అదే మారిపోయింది.

యుద్ధం మొదలై రియాద్ మీద క్షిపణులు పడుతున్నప్పుడు, ఆయన చుట్టాలందరూ అక్కడి నుంచి మా తోటకు చేరారు. ఆ గుంపు వెనకే ఒక అమెరికన్ ఇంజనీరు కారులో వచ్చాడు. అబూ ఫైసల్‌కు పాత పరిచయం. దేశం వదిలి పోతున్నాడు. వెనక సీటు నిండా మూతులు ముడేసిన దిండు గలీబులు. ఒక్కొక్క గలీబులో ఒక్కొక్క పాము.

అతను ఖర్జూరాల గదిలో నేల మీద కూర్చుని ఒక్కో ముడీ విప్పి చూపించాడు. చివరిది విప్పినప్పుడు నేనూ నేల మీద కూర్చుండిపోయాను. తెగిన అంచు ఆడది. దానికి జరీ అని పేరు పెట్టుకున్నాను. "చలికాలం వీటిని చీకట్లో, చల్లగా, ఆకలితో పడుకోనివ్వండి" అన్నాడతను. "వెచ్చగా ఉంచారంటే వసంతంలో గుడ్లయితే పెడతాయి, వాటిలో ప్రాణం ఉండదు." లేచి గుమ్మందాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చి, జరీని వేలితో ఒకసారి నిమిరి వెళ్ళాడు. మగాడు పాము కోసం ఇంత బెంగపడాలా అని అప్పుడు నవ్వుకున్నాను.

అప్పట్లో విషవాయువు భయంతో ప్రతి ఇంట్లో ఒక గదిని ఎంచుకుని కిటికీలకు ప్లాస్టిక్ పరిచి టేపు అంటించేవాళ్ళు. మా తోటింట్లో ఆ పని మల్లయ్యది. జగిత్యాల పక్క మనిషి. పంపులు, కూలర్లు, తలుపులు, ఏది చెడినా అతనే. టేపు చుట్ట చేత్తో పట్టుకుని ఖర్జూరాల గదిలోకి తొంగిచూసి కెవ్వున అరిచాడు.

"ఓ అవ్వా! కట్లపాము! గిదేంది అక్కా, సంపుతవా ఏంది అందర్ని?"

"విషం లేదయ్యా. వేలు పెట్టు, కరిచినా ఏమీ కాదు."

"నీ ఏలు వెట్టుకో. నాది పానలు తిప్పే ఏలు."

గది సిద్ధమయ్యాక అబూ ఫైసల్ అన్నాడు: "పాముల్ని కూడా లోపలికి తెండి."

"హీటరున్న గదిలోకా? తెస్తాను. వసంతంలో ఉత్త గుడ్లు ఏరుకుందాం."

"గ్యాస్ వస్తే?"

"గ్యాస్ వస్తే గుడ్ల సంగతి మీరూ చూడరు, నేనూ చూడను."

ఆయన భార్య ఉమ్మ్ ఫైసల్ చేతిలో ఫ్లాస్కు కింద పెట్టింది. ఇంటి యజమానురాలిని అక్కడ పనివాళ్ళందరూ మామా అని పిలుస్తారు. మొదట్లో ఆ పిలుపుకు నవ్వొచ్చేది, తర్వాత అలవాటైంది. మామా భర్త వైపు తిరిగి అంది: "ఈ గదిలోకి నేనైనా రావాలి, ఆ పామైనా రావాలి. గ్యాస్ పీల్చి చస్తే అల్లా దయ అంటారు. పాము మీద కూర్చుని చస్తే మీ చెల్లెళ్ళు జన్మంతా నవ్వుతారు."

పాములు ఖర్జూరాల గదిలోనే ఉండిపోయాయి. మందపాటి మట్టి గోడలు. ఉనైజా చలి ఎముకల్లోకి దిగే చలి. పాములకు కావలసిందీ అదే. ఈ వంశాన్ని మొదట కాపాడింది పాముల్ని చూస్తే ముక్కు మూసుకునే మనిషే. వృత్తిలో ఇలాంటి ఉపకారాలు లెక్కలోకి రావు.

అన్నీ కట్లే

గలీబుల్లో వచ్చిన ఒక కట్ల మగదానితో జతకట్టి, వసంతంలో జరీ గుడ్లు పెట్టింది. నారుమళ్ళకు వాడే తేలికపాటి పొట్టును తడిపి, డబ్బాలో సర్ది, ప్రతి గుడ్డు పైభాగాన పెన్సిలుతో చుక్క పెట్టాను. పాము గుడ్డు ఎలా పడితే అలాగే ఉండాలి. తిప్పితే లోపలి పిల్ల చచ్చిపోతుంది.

ఒకరోజు చూద్దును కదా, ముందువరస గుడ్ల చుక్కలు కిందకు తిరిగి ఉన్నాయి.

"ఎవరు తిప్పారు?"

"నేనే అక్కా" అన్నాడు మల్లయ్య, బహుమతి అడిగేవాడిలా. "మా ఇంట్ల కోడి ఎప్పటికప్పుడు తిప్పుతనే ఉంటది. నీకు తీరికలేదని నేనే తిప్పిన."

"ఇది కోడా?"

"గుడ్డు గుడ్డే కదనే!"

ఆ వరస పోయింది. మిగిలినవి చిట్లాయి. పిల్లలన్నిటికీ అడ్డం కట్లే. ఒక్కదానికీ అంచు లేదు.

అబూ ఫైసల్‌కు నా మీద పీకలదాకా కోపం వచ్చింది. "వాడు నాకు చార ఉన్న తల్లినిచ్చాడు. నువ్వు నాకు కట్ల పిల్లల్ని చూపిస్తున్నావు."

గోడ దద్దరిల్లేలా వాదించాను. నిలువు గీత ఉన్న చాలా రకాల్లో అది మొదటి తరంలోనే పైకి కనిపిస్తుంది. ఇది అలాంటిది కాకపోవచ్చు. ప్రతి పిల్లకూ తల్లి నుంచి ఒక పోగు, తండ్రి నుంచి ఒక పోగు వస్తాయి. రెండు పోగులూ తెగిన అంచువైతేనే అంచు తెగి కనిపిస్తుంది. ఒకటే అయితే కట్లు దాన్ని కప్పేస్తాయి. పోగు మాత్రం ఎక్కడికీ పోదు, ఈ పిల్లలన్నిటిలోనూ లోపల ఉంది. "మూడు చలికాలాలు ఆగండి" అన్నాను.

"మూడు చలికాలాలు! నేను చెట్టు నాటడం లేదు, పాము అడుగుతున్నాను."

పిల్లల్ని రియాద్‌లోని స్నేహితులకు పంచేశాడు. తిండి ముట్టక బక్కచిక్కిపోయిందని ఒక మగపిల్లను మాత్రం ఎవరూ తీసుకోలేదు. దానికి కోరా అని పేరు పెట్టాను, అద్దకం లేని బట్ట కదా. ఎలుకపిల్లను బల్లి ఒంటికి రుద్ది వాసన పట్టించి పెడితే గాని తినేది కాదు. బల్లుల్ని పట్టే పని మల్లయ్యది. "జగిత్యాల్ల బల్లి మీద వడ్తె తానం జేస్తం. ఈడ బల్లిని చంకల వెట్టుకోని తిరుగవట్టె" అని గొణుగుతూనే రోజూ పట్టుకొచ్చేవాడు.

కోరా ఎదిగాక దాన్ని జరీ పెట్టెలోకి వదిలాను. మల్లయ్య చెవులు మూసుకున్నాడు.

"ఛీ ఛీ! తల్లికి కొడుకునా? గిదేం పాడుపని అక్కా?"

"పాములకు వరసలు లేవయ్యా."

"వాటికి లేకపోతె నీకన్న ఉండొద్దా!"

ఆ గుడ్లు చిట్లిన ఉదయాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం వేళ గుర్తుండదు. మొదట ఒక ముక్కు, పెంకుకు గాటు, దాని వెనక నల్లటి తల. మెడ బయటికి రాగానే తెల్లటి గీత. గీత తెగింది. చుక్కలు. మళ్ళీ కలిసింది. ఇంచుమించు సగం పిల్లలు అలాగే వచ్చాయి. అబూ ఫైసల్ మల్లయ్యను కౌగిలించుకున్నాడు. నన్ను కౌగిలించుకోలేడు కనక తలుపును కొట్టాడు.

మళ్ళీ పంచేశాడు. రెండు జతలైనా ఉంచండని మొత్తుకున్నాను. "యంత్రం మన దగ్గరే ఉంది కదా, వచ్చే ఏడు ఇంకా వస్తాయి" అన్నాడు. రియాద్ పెద్దమనిషి ఒకాయన రెండు తెగిన అంచుల్ని అందంగా ఉంటాయని ఒకే గాజుపెట్టెలో పెట్టాడు. మర్నాటికి ఒకటే ఉంది, దాని పొట్ట ఉబ్బి ఉంది. మిగతావి ఎండలో ఆపిన కార్లలో, కరెంటు పోయిన ఫ్లాట్లలో ఆరిపోయాయి. అబూ ఫైసల్ చెడ్డవాడు కాదు. చేతిలో ఉన్నదాన్ని చూపించకుండా ఉండలేని మనిషి. పాములకు అలాంటి యజమాని చెడ్డవాడి కంటే ప్రమాదం.

మార్కెట్లో ఇంకో రకం మోసముంది, అది కూడా తెలుసుకోండి. గుడ్లను ఎక్కువ వేడిలో పొదిగితే పిల్లల గీతలు చెదిరి వింతగా వస్తాయి. దాన్ని కొత్త రకమని అమ్మేవాళ్ళుంటారు. వేడికి చెదిరిన గీత ఆ ఒక్క పాముతోనే పోతుంది, వంశంలో ఉన్న గీత పిల్లల్లోకి దిగుతుంది. ఏది ఏదో తేల్చాలంటే రెండు తరాలు ఆగాలి. దగ్గరదారి చెప్పేవాడు వ్యాపారి.

నోట్లో బిళ్ళ

ఆ మరుసటి ఏడు ఖర్జూరం కోతలకు మనవైపు కుర్రాళ్ళు కొందరు కొత్తగా దిగారు. ఒక సాయంత్రం అబూ ఫైసల్ అతిథులకు కోరాను చూపించాడు, ఇదే తండ్రి అని. చూపించి పెట్టెలో పెట్టాడు. క్లిప్పు వేయలేదు.

పొద్దున మల్లయ్య పరుగెత్తుకుంటూ వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"అక్కా, గండం తప్పింది! యాడికెల్లి అచ్చిందో, నిజం కట్లపాము! పండుకునే రూంల జొచ్చింది. మన పోరగాండ్లు సంపిన్రు!"

ఖర్జూరాల గదిలోకి వెళ్ళి చూశాను. కోరా పెట్టె మూత పక్కకు ఉంది. నా వెనకే వచ్చిన మల్లయ్య ఆ ఖాళీ పెట్టెకు మూత పెట్టి క్లిప్పు వేశాడు.

తిట్టడానికే వెళ్ళాను. నా నోటి సంగతి నాకు తెలుసు, ఆ రోజు ఆ కుర్రాళ్ళ ఏడు తరాల్ని కడిగేద్దామనే వెళ్ళాను. రూము వెనక ఇసుకలో ఎండిన ఈతమట్టలు పేర్చి ఉన్నాయి. వాటి మీద కోరా. ఒకడు పాలపొడి కలిపిన నీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. కోరా నోట్లో అక్కడి చిల్లర, హలాలా బిళ్ళ, మెరుస్తోంది.

"నాగుపాముకు కదరా ఇలా చేస్తారు" అన్నాను.

"పరాయి దేశం పాము మేడం, దాని పద్దతేందో మాకేమెరుక. పగవడ్తదేమోనని, ఎందుకన్న మంచిదని" అన్నాడు ఆ పిల్లాడు.

కట్లు కనబడితే కొట్టమని, నిద్రలో కరిస్తే తెల్లారదని, వాళ్ళ అమ్మ చెప్పిందే నాకూ మా అమ్మ చెప్పింది. అరబ్బులైతే ఏ పాము కనబడినా కొట్టేవాళ్ళు. మనవాళ్ళు గుర్తుపట్టి కొట్టారు, అదే తేడా. నేను అక్కడే నిలబడి మట్టలు కాలేదాకా చూశాను. ఆ కుర్రాళ్ళ మీద నాకు ఈనాటికీ కోపం లేదు. క్లిప్పు వేయని మనిషి మీద ఉంది. ఆయన పోయాడు, అయినా ఉంది.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళు ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. అందరూ అందమైనదానికే తాళం వేస్తారు. వంశం సాదాగా కనిపించేదానిలో నడుస్తుంది. తాళం దానికి వేయండి.

జత లేని ఏళ్ళు

కోరా పోయేనాటికి, ఆ ఏడు ఆలస్యంగా, జరీ కడుపుతో ఉంది. అవే దాని చివరి గుడ్లు. ఒక్కటే బతికింది, తెగిన అంచు ఆడపిల్ల. చిన్నజరీ అన్నాం. తర్వాత జరీ కూడా పోయింది.

ఇక వంశమంతా ఒక్క పెట్టెలో ఉంది, దానికి జత లేదు. మొదటి పాములతో వచ్చిన మగవి చిన్నజరీ ఎదిగేలోపే ముసలివై ఒక్కొక్కటే రాలిపోయాయి. రియాద్ పక్షుల సంతలో వెతికించాను, విదేశీయుల కాంపౌండుల్లో అడిగించాను. ఏడాది తర్వాత ఏడాది, వసంతంలో చిన్నజరీ పెట్టె గోడల వెంట తిరిగేది. ఆడపాము అలా తిరగడం చూస్తే ఎందుకో మీకు చెప్పనక్కరలేదు. నేను కూడా ఒంటరి మనిషినే. పెట్టె ముందు కూర్చుని దాన్ని చూసేదాన్ని. ఉత్త గుడ్లు పెట్టి, వాటిని చుట్టుకుని పడుకునేది. వాటిని తీసేయాల్సింది నేనే. ఆ పని మల్లయ్యకు ఎప్పుడూ అప్పగించలేదు.

ఆ ఏళ్ళలో నా కొలువు అంటే ఏమిటో చెప్పమంటే, ఒక పామును బతికి ఉంచడం. అంతే.

అబూ ఫైసల్ మంచం పట్టిన ఏడు, చలికాలం ముగుస్తుండగా, రియాద్ సులైలో గోడౌన్‌లో పనిచేసే మల్లయ్య బావమరిది ఫోన్ చేశాడు. మల్లయ్య స్పీకర్ పెట్టాడు.

"బావా, ఈడ పక్క రూమోడు దేశం వొయ్యిండు. వాని డబ్బాల కట్లపామున్నది. మావోళ్ళు కొడ్తమంటె నేనే ఆపిన. మీ తోటల కథ జెప్పినవు గదా, బిళ్ళ వెట్టిన కథ. గిది గదేనా?"

"పొట్ట కింద కూడా కట్లున్నాయా, కట్లపాముకులా ఉత్త తెలుపేనా అడుగు" అన్నాను.

"నేనెట్ల జూడాలె అక్కా, బోర్లగ వండుకున్నది!" అన్నాడు ఆ బావమరిది. "అన్నం వెడితె తింటలేదు."

"పాముకు అన్నమేంట్రా!"

"పెరుగన్నం కూడ వెట్టి చూసిన."

మల్లయ్య పికప్‌లో వెళ్ళి తెచ్చాడు. కింగ్ స్నేకే. మగది. అడ్డం కట్లు. ఒకప్పుడు రియాద్‌లో మేం పంచిన పిల్లల్లో దేనికో మనవడైతే, తెగిన పోగు దీని లోపలా ఉండొచ్చు. కాకపోతే లేదు. చూసి చెప్పలేం. దాన్ని చల్లటి గదిలో కొన్నాళ్ళుంచి, వేడెక్కాక చిన్నజరీ పెట్టెలో వదిలాను. పాముల లెక్కన చిన్నజరీకి అప్పటికే వయసు మళ్ళింది.

గడప

ఆ వసంతంలోనే అబూ ఫైసల్ పోయాడు. ఉమ్మ్ ఫైసల్ ఇద్దత్‌లో కూర్చుంది. భర్త పోయిన ఆడది నెలల తరబడి ఇల్లు కదలకుండా, అలంకారం లేకుండా గడిపే కాలం అది. కొడుకు ఫైసల్ జంతువులన్నిటినీ తోలేస్తున్నాడు. నాకు ఫైనల్ ఎగ్జిట్ కొట్టించాడు, అంటే ఇక తిరిగి రాకుండా ఇంటికి పొమ్మని. గుడ్లు అప్పుడే డబ్బాలో పడ్డాయి, పిల్లలవడానికి ఇంకా చాలా రోజులు పడుతుంది.

మామా గదికి వెళ్ళి, చిన్నజరీనీ గుడ్లనూ ఉంచమని అడిగాను. ఆవిడ నా వైపు చూడలేదు.

"ఆయన చార వస్తే ఉంచుతాను. ఆయన గుర్తు కదా. ఉత్త కట్లపాములైతే ఫైసల్ ఇష్టం."

"మామా, మగది బయటి నుంచి వచ్చింది. చార పైకి కనిపించకపోవచ్చు, లోపల..."

"నాకు పోగుల లెక్కలు చెప్పకు, సరోజా. ఇవాళ కాదు."

చిన్నజరీ విడిచిన కుబుసాన్ని చీర మడతల్లో పెట్టుకున్నాను. పెట్టె దగ్గరికి ఒకసారి వెళ్ళాను. గుమ్మందాకా వచ్చి మళ్ళీ వెనక్కి వెళ్ళి, వేలితో నిమిరాను. ఆ అమెరికన్‌ను చూసి నవ్వుకున్న నవ్వుకు అప్పుడు సిగ్గుపడ్డాను.

మంగళగిరి వచ్చాక ఫోన్ పక్కనే అన్నం తిన్నాను. ఒకరోజు మోగింది.

"అక్కా, పిల్లలైనయ్."

"గుడ్లు తిప్పలేదు కదా?"

"నా బిడ్డల మీదొట్టు! చెయ్యి కూడ వెట్టలే."

"ఎలా ఉన్నాయి? అంచు..."

"అన్నీ కట్లపాములే అక్కా."

"సరిగ్గా చూశావా?"

"ఒక్కొక్కదాన్ని చేతుల వట్టుకోని చూసిన."

జగిత్యాల మల్లయ్య కట్ల పిల్లల్ని చేత్తో పట్టుకున్నాడు. వేరే రోజైతే నవ్వేదాన్ని.

"మామా ఎక్కడ?"

"గడప కాడ నిలవడ్డది. ఎన్నడన్న లోపలికచ్చిందా ఆమె?"

"ఫోనివ్వు."

ఆవిడ ఊపిరి వినిపించింది. "విన్నాను. చార లేదు."

"లేదు మామా."

"ఒక్కదానికీ?"

"ఒక్కదానికీ లేదు."

జన్మంతా వాదించినదాన్ని. ఆ క్షణాన వాదన ఎత్తుకున్నది ఆవిడ.

"యుద్ధం ఏడు కూడా ఇలాగే కదా, అన్నీ కట్లే పుట్టాయి. నువ్వు ఆయనతో పోట్లాడావు. గోడ అవతల నేను రొట్టెలు చేస్తూ విన్నాను. ఏమన్నావు అప్పుడు? మళ్ళీ చెప్పు."

చెప్పాను. తల్లి పోగు, తండ్రి పోగు. కట్లు కప్పేస్తాయి. పోగు పోదు.

"అంటే లోపల ఉంది."

"అన్నిటిలోనూ ఉంది. తల్లి ఇచ్చింది."

"పైకి రావాలంటే?"

"మూడు చలికాలాలు. వెచ్చగా ఉంచకూడదు. ఎవరికీ పంచకూడదు. ఒక పెట్టెలో ఒకటే."

"ఆయన ఆగలేదు."

"ఆగలేదు మామా."

"నేను ఆగుతాను" అంది. "ఇద్దత్ నుంచి మొన్ననే లేచాను. ఆగడం ఎలాగో నువ్వు నాకు నేర్పక్కరలేదు."

ఫోన్ ఎక్కడో పెట్టిన చప్పుడు. చెప్పులు విడిచిన చప్పుడు. తర్వాత దూరం నుంచి మల్లయ్య గొంతు, గుడ్ల వరస తిప్పిన నాటి అదే సంబరంతో:

"అక్కా! మామా లోపలికచ్చింది!"

ఇక్కడ నేను ఏ పామునూ పెంచడం లేదు. ఆ జాతిని తెచ్చుకోవడానికి వీల్లేదు, వేరేది నాకు అక్కరలేదు. పట్టుకోగానే చేతికి అంటించే ఆ కంపు కోసం, చెబితే నమ్మరు, ముక్కు వెతుక్కుంటుంది. కుబుసాన్ని కిటికీ వెలుగుకు పట్టుకుంటే అంచు నీడలా కనిపిస్తుంది. తెగిన చోట వేలు ఆగుతుంది. మా ఊళ్ళో చలి పేరుకే గాని, రాత్రి దుప్పటి కప్పుకుంటే చెమటపడుతుంది. తన్నేసి పడుకుంటాను.

ఎన్నేళ్ళు పట్టిందని అడిగావు కదమ్మా. ఇంకా పడుతోంది. ఈ చలికాలం మూడోది. ఖర్జూరాల గది తలుపు వేసి ఉంటుంది. లోపల చీకటిగా, చల్లగా ఉంటుంది. తాళంచెవి మామా దగ్గర ఉంది.